చవకైన బ్లెండెడ్ స్కాచ్‌ను శ్రద్ధగా రుచి చూడటం ఎలా

బ్లెండెడ్ స్కాచ్, అంటే రెండు రకాల విస్కీలు కలిపి చేసిన స్కాట్లండ్ విస్కీ, సీసా తెరవగానే చాలామంది చెయ్యి ముందు ఐసు వైపు, తర్వాత సోడా వైపు వెళ్తుంది. గ్లాసు నిండాక గానీ అది ముక్కు దగ్గరికి రాదు. అప్పటికి వాసన అంతా చల్లదనంలో ముడుచుకుపోయి ఉంటుంది. అదే మనుషులు సింగిల్ మాల్ట్, అంటే ఒకే బట్టీలో తీసిన మాల్ట్ విస్కీ, తెరిచినప్పుడు మాత్రం గ్లాసు ఏరుకుని, మాట తగ్గించి, నిదానంగా కూర్చుంటారు. ఆ నిదానాన్ని తక్కువ ధర సీసాకు కూడా ఒక్కసారి ఇవ్వండి. అందుకు కావలసింది ఒక అరగంట, 20 మిల్లీలీటర్ల విస్కీ, మామూలు తాగునీళ్లు, ఒక కాగితం.

సింగిల్ మాల్ట్‌ను వెతికినట్టు బ్లెండ్‌ను వెతికితే నిరాశ తప్పదు. సింగిల్ మాల్ట్‌లో ఒక ఊరి బట్టీ గొంతు వినిపించాలని చూస్తాం. బ్లెండ్‌లో వెతకవలసింది అతుకు. రెండు వేర్వేరు గుడ్డలను కుట్టినచోట కుట్టు కనబడుతోందా లేదా, కనబడితే ఎక్కడ, ఎందుకు అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. చవకైన బ్లెండ్ అయితే ఈ వెతుకులాట ఇంకా బాగుంటుంది. ఖరీదైన సీసాలో వయసు మీరిన పీపాలు చాలా లోపాలను కప్పేస్తాయి. చవక సీసా చేసినవారికి ఆ సౌకర్యం లేదు, వారి నేర్పు అంతా కలపడంలోనే కనిపించాలి.

ముందుగా, అతికిన ఆ రెండు ముక్కలేమిటో తెలుసుకోండి

ఒకటి మాల్ట్ విస్కీ. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ తప్ప మరో ధాన్యం వాడకుండా, రాగి బట్టీల్లో విడతలవారీగా కాచి తీస్తారు. అలా వచ్చిన సారంలో దాదాపు 70 శాతం ఆల్కహాలు ఉంటుంది. మిగతాదానిలో నీళ్లతోపాటు ధాన్యపు నూనెలు, పులియబెట్టినప్పుడు పుట్టిన పండ్ల వాసనలు కూడా దిగుతాయి కాబట్టి అది బరువుగా, మాటకారిగా ఉంటుంది.

రెండోది గ్రెయిన్ విస్కీ. ఎక్కువగా గోధుమ లేదా మొక్కజొన్నకు కొంత మొలకెత్తిన బార్లీ కలిపి, స్తంభాల్లా నిలువుగా ఉండే బట్టీల్లో ఆగకుండా తీస్తారు. ఈ రకం బట్టీకి 1830లో పేటెంటు తీసుకున్న ఈనియస్ కాఫీ ఐర్లండ్‌లో ఎక్సైజ్ అధికారిగా పనిచేసినవాడు. ఇందులోంచి సారం 94 శాతం దాకా ఆల్కహాలుతో, తేలికగా, శుభ్రంగా వస్తుంది. చట్టం మాత్రం 94.8 శాతానికి తక్కువగానే ఉండాలంటుంది, ధాన్యం రుచి, వాసన అందులో కొంతైనా మిగలాలని. గ్రెయిన్ విస్కీ అంటే ఉత్త ఆల్కహాలేనని తీసిపారేసేవారు ఈ ఒక్క నిబంధన గుర్తుంచుకుంటే మంచిది.

1860లో బ్రిటన్‌లో వచ్చిన చట్టం ఈ రెండింటినీ సుంకం కట్టకముందే గిడ్డంగిలో కలుపుకోవడానికి వీలు కల్పించింది. ఎడిన్‌బరోలో ఆండ్రూ అషర్, పెర్త్‌లో డ్యూయర్ కుటుంబం, గ్లాస్గోలో విలియం టీచర్, కిల్మార్నాక్‌లో 1820లో కిరాణా దుకాణం పెట్టిన జాన్ వాకర్, అతని తర్వాత కొడుకు అలెగ్జాండర్, ఇలా బ్లెండింగ్‌ను పెంచినవారిలో ఎక్కువమంది వ్యాపారులు. కొనుగోలుదారు పోయినసారి కొన్న రుచే ఈసారీ అడుగుతాడని వారికి బాగా తెలుసు. ఏ పీపాకా పీపా మారిపోయే సరుకుతో ఏటికేడు మారని రుచిని కట్టడం వాళ్లు ఎత్తుకున్న పని. ఈ రోజుకీ బ్లెండర్ల పని అదే.

సీసా మీద రాసినది చదవండి

స్కాచ్ విస్కీ నిబంధనలు, 2009 ప్రకారం స్కాచ్‌లో ఐదు రకాలున్నాయి: సింగిల్ మాల్ట్, సింగిల్ గ్రెయిన్, బ్లెండెడ్ మాల్ట్, బ్లెండెడ్ గ్రెయిన్, బ్లెండెడ్ స్కాచ్. మీ చేతిలోని సీసా మీద ‘బ్లెండెడ్ స్కాచ్ విస్కీ’ అని ఉండాలి. ‘బ్లెండెడ్ మాల్ట్’ అని ఉంటే అందులో గ్రెయిన్ ఉండదు, అది వేరే సంగతి.

ఆ పేరు ఉందంటే కొన్ని విషయాలు తేలిపోయినట్టే. సరుకంతా స్కాట్లండ్‌లోనే బట్టీ పట్టినది. 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో, స్కాట్లండ్‌లోనే, కనీసం 3 సంవత్సరాలు నిలవ ఉన్నది. సీసాలో ఆల్కహాలు 40 శాతానికి తగ్గదు. నీళ్లూ రంగు కోసం వాడే సాదా కారమెల్ తప్ప మరేదీ కలపకూడదు. రుచి కోసం చక్కెర గానీ సుగంధం గానీ వేయడానికి వీల్లేదు. కాబట్టి మీకు తగలబోయే తీపి, వెనిలా, పొగ అన్నీ ధాన్యం, ఈస్టు, నిప్పు, చెక్క ఇచ్చినవే. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నుంచి చవక సీసా మీద గౌరవం పెరిగింది.

వయసు అంకె ఉంటే, అది అందులోని అతి చిన్న విస్కీ వయసు. 12 అని ఉంటే ప్రతి చుక్కా కనీసం 12 ఏళ్లు పీపాలో ఉన్నట్టు. చవకైన బ్లెండ్ల మీద సాధారణంగా అంకె ఉండదు. జానీ వాకర్ బ్లాక్ లేబుల్ మీద 12 ఉంటుంది, రెడ్ లేబుల్ మీద ఉండదు. అంకె లేకపోవడం లోపం కాదు. లోపల లేత విస్కీ కూడా ఉంటుందని, దాని ఘాటుకు ముక్కును సిద్ధం చేసుకోమని చెప్పే సూచన అది.

ఏ బట్టీల మాల్ట్ ఉందో లేబుల్ మీద సాధారణంగా రాయరు. అయినా కొన్ని బంధాలు అందరికీ తెలిసినవే. టీచర్స్ హైలాండ్ క్రీమ్ వెనుక ఆర్డ్‌మోర్ ఉంది, ఆ బట్టీలో పీట్ (తడి నేలల్లో పేరుకున్న మొక్కల మట్టి) పొగ పట్టించిన బార్లీ వాడతారు. డ్యూయర్స్ వెనుక అబర్‌ఫెల్డీ, గ్రాంట్స్ వెనుక 1963లో మొదలైన గిర్వన్ గ్రెయిన్ బట్టీ ఉన్నాయి. రుచి చూడటానికి ముందు ఇవి తెలుసుకోవచ్చా అంటే, నా సలహా వద్దనే. పొగ ఉందని చదివాక పొగ లేని గ్లాసులో కూడా పొగ వాసన వస్తుంది. లేబుల్‌లో చట్టం చెప్పే మాటలు చదివి, మిగతా పొగడ్తలు వెనక్కి తిప్పి పెట్టండి.

గ్లాసు, నీళ్లు, మీ ముక్కు

కింద కాస్త బొజ్జ, పైన ఇరుకు మూతి ఉన్న గ్లాసు కావాలి. 2001లో మార్కెట్లోకి వచ్చిన గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఈ పనికే చేసినది. అది లేకపోతే చిన్న వైన్ గ్లాసు అంతే బాగా పనిచేస్తుంది. వెడల్పు నోటి మందపాటి గ్లాసులో వాసన పక్కలకు పోతుంది, ఈ అరగంటకు అది వద్దు. గ్లాసును వేడినీళ్లతో కడిగి గాలికి ఆరనివ్వండి. సబ్బు వాసన, తుడిచిన గుడ్డ వాసన గ్లాసులో ఉండిపోతే విస్కీకి లేని తప్పు అంటగడతారు.

నీళ్లు వాసన లేనివై ఉండాలి, విస్కీ లాగే గది వేడిమిలో ఉండాలి. క్లోరిన్ వాసన కొట్టే నీళ్లు పనికిరావు. కొలిచి పోయడానికి ఔషధాల సీసాలతో వచ్చే చిన్న కొలత మూత చాలు.

భోజనానికి కొంచెం ముందు, కడుపు మరీ ఖాళీగా లేనప్పుడు కూర్చోండి. ఆ సమయంలో ముక్కు చురుగ్గా ఉంటుంది. అత్తరు పూసుకోవద్దు. గంట ముందు నుంచి కాఫీ, పొగతాగడం, పళ్లు తోముకోవడం వద్దు. జలుబు ఉంటే ఇంకో రోజు చూసుకోండి.

ఇక పరిమాణం. 40 శాతం విస్కీ 20 మిల్లీలీటర్లలో 8 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. రుచి తెలియడానికి అంతకు మించి అక్కర్లేదు, నోట్లో తిప్పి ఉమ్మేసినా తెలుస్తుంది. బ్లెండర్లు రోజంతా పనిచేసేది చాలావరకు ముక్కుతోనే. వాహనం నడపాల్సి ఉన్నవారు, మందులు వాడుతున్నవారు, గర్భిణులు, చట్టం చెప్పిన వయసు రానివారు దీని జోలికి రాకూడదు. తాగే అలవాటే లేనివారు ఇది చదివి కొత్తగా మొదలుపెట్టవద్దు, మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

పోయండి, రంగు చూసి వదిలేయండి

20 మిల్లీలీటర్లు పోసి, రంగును ఒక్క చూపు చూసి ముందుకు సాగండి. ముదురు రంగు ఎక్కువ వయసుకో మంచి పీపాకో గుర్తని నమ్మేవారున్నారు. చవక బ్లెండ్లలో రంగు సీసా సీసాకూ ఒకేలా ఉండటానికి ఇ150ఏ అనే కారమెల్ వేయడం మామూలు. గ్లాసు గోడల మీద జారే ధారలు కూడా ప్రధానంగా ఆల్కహాలు బలాన్ని చెబుతాయి, గుణాన్ని కాదు.

పోసిన తర్వాత ఐదు నిమిషాలు ముట్టుకోవద్దు. లేత ఆల్కహాలు మొదటి ఉరవడి ఆ ఐదు నిమిషాల్లో కొంత తగ్గుతుంది.

వాసన: ఇక్కడే ఎక్కువసేపు ఉండండి

గ్లాసులోకి ముక్కు దూర్చి గట్టిగా పీల్చడం అందరూ చేసే మొదటి తప్పు. అలా చేస్తే ముక్కు మండి, తర్వాత కొన్ని నిమిషాలు ఏ వాసనా పట్టదు. గ్లాసును గడ్డం దగ్గర పెట్టుకుని, అక్కడి నుంచి మెల్లగా పైకి తీసుకురండి. మంట మొదలైన చోట ఆగి, ఒక వేలెడు వెనక్కి జరపండి. మీకూ ఈ విస్కీకీ కుదిరిన దూరం అదే. నోరు కొద్దిగా తెరిచి ఉంచి, చిన్నచిన్నగా పీల్చండి. నోరు తెరిచి ఉంటే ఘాటు ముక్కులో గూడు కట్టదు. ఒక ముక్కుపుటంతో ఒకసారి, రెండోదానితో ఒకసారి చూడండి. రెండూ ఒకే రకంగా చెప్పకపోతే ఆశ్చర్యపోవద్దు.

నాలుగైదు సార్లు పీల్చాక ముక్కు అలసిపోతుంది, అలవాటు పడిన వాసనను అది చెప్పడం మానేస్తుంది. అప్పుడు గ్లాసు కింద పెట్టి, మీ సొంత మోచేతి మడతను వాసన చూడండి. మీ ఒంటి వాసన మీ ముక్కుకు సున్నా లాంటిది, అక్కడికి వెళ్లి మళ్లీ లెక్క మొదలుపెట్టవచ్చు.

పేర్లు వెంటనే దొరకవు. దొరకాలని పట్టుబట్టవద్దు. ముందు పెద్ద గది వెతకండి, తర్వాత అందులో గూడు. తీపి వాసనా, పండు వాసనా, చెక్క వాసనా, పొగ వాసనా, ధాన్యపు వాసనా? పండు అయితే పచ్చి పండా, మాగిన పండా, ఎండు పండా? ఇలా రెండు ప్రశ్నలు వేసుకుంటే ‘ఏదో విస్కీ వాసన’ కాస్తా ‘కోసిపెట్టిన ఆపిల్’గా మారుతుంది.

చవక బ్లెండ్‌లో సాధారణంగా ముందు పలకరించేది గ్రెయిన్ విస్కీ: వెనిలా, కొబ్బరి, ఉడికిన మొక్కజొన్న తీపి, కొన్నిసార్లు గోళ్ల రంగును గుర్తుకుతెచ్చే పదునైన వాసన. ఆ పదును లేతదనపు గుర్తు. వెనిలా, కొబ్బరి పీపా చెక్క నుంచి వచ్చినవి. అమెరికాలో అక్కడి విస్కీ అయిన బర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పాత్రల్లోనే నిలవ చేయాలని నిబంధన ఉంది కాబట్టి, ఒకసారి వాడిన పీపాలు స్కాట్లండ్‌కు పెద్దసంఖ్యలో చేరతాయి. ఓక్‌లోని లిగ్నిన్ నుంచి వెనిలిన్, అదే చెక్కలోని లాక్టోన్ల నుంచి కొబ్బరి వాసన దిగుతాయి.

ఆ తీపి తెర వెనుక మాల్ట్ ఉంటుంది. బిస్కెట్టు, తేనె, బాదం, ఆపిల్, అరటి. అరటి వాసన పులియబెట్టే దశలో ఈస్టు చేసినది, ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థం. ఎండుద్రాక్ష, అత్తిపండు తగిలితే బ్లెండ్‌లో కొంత షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాల్లో ఉన్న సరుకని ఊహించవచ్చు. అన్నిటికన్నా అడుగున పొగ. అది పీట్ నుంచి వస్తుంది. తడి నేలల్లో వేల ఏళ్లు పేరుకుపోయిన మొక్కల మట్టిని ఎండబెట్టి కాల్చి, ఆ పొగలో బార్లీని ఆరబెడతారు. చవక బ్లెండ్లలో అది మంట పొగలా రాదు, ఆర్పిన అగ్గిపుల్లలా, చల్లారిన పొయ్యిలా లీలగా తగులుతుంది.

ఇప్పుడు అతుకు సంగతి. తీపి వాసన నుంచి ధాన్యం వాసనకు, అక్కడి నుంచి పొగకు జారేటప్పుడు మధ్యలో ఖాళీ తగిలిందా? వెనిలా ఒకచోట, పొగ ఒకచోట, రెండూ ఒకరినొకరు ఎరగనట్టు నిలబడితే కుట్టు కనబడిందన్నమాట. ఒకదాని అంచు మరొకదానిలో కరిగితే బ్లెండర్ చెయ్యి బాగుంది. కనబడినది ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టండి.

మొదటి గుక్క మోసం చేస్తుంది

మొదటి గుక్క నోటికి పరిచయం మాత్రమే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. 40 శాతం ఆల్కహాలు తగలగానే నాలుక వేడిని, నొప్పిని చెబుతుంది గానీ రుచిని చెప్పదు. అర చెంచాడు తీసుకుని నోరంతా తడిపి, మింగండి లేదా ఉమ్మేయండి. ఒక నిమిషం ఆగండి.

రెండో గుక్క కూడా అంతే చిన్నది. దాన్ని నాలుక మీద పది, పదిహేను సెకన్లు ఉంచి, నమిలినట్టుగా కదపండి. గమనించవలసినవి ఇవి: మొదట ఏది వచ్చింది, మధ్యలో ఏమైంది, ఒరిపిడి ఎలా ఉంది. ఒరిపిడి అంటే నోట్లో దాని తాకిడి. నీళ్లలా పలచగా పోతోందా, నూనెలా పట్టుకుంటోందా? చవక బ్లెండ్లు ఎక్కువగా తడబడేది మధ్యలోనే. ముందు తీపి వస్తుంది, చివర మిరియపు ఘాటు వస్తుంది, నడుమ ఏమీ ఉండదు. గ్రెయిన్ తేలిక, మాల్ట్ వాటా తక్కువైతే ఆ నడుమను నింపేవారు లేరు. ఆ నడుమ నిండుగా ఉన్న చవక బ్లెండ్ దొరికితే దాన్ని గుర్తుపెట్టుకోండి, అది తరచుగా జరిగేది కాదు.

మింగిన వెంటనే నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. గొంతు వెనుక నుంచి ముక్కులోకి ఎక్కే ఆ వాసనే రుచిగా మనకు తోచేదానిలో పెద్ద భాగం. గ్లాసులో దాక్కున్న పొగ చాలాసార్లు ఇక్కడ బయటపడుతుంది. తర్వాత వాచీ చూసి, రుచి ఎంతసేపు నిలిచిందో లెక్కపెట్టండి. ఎంతసేపన్నదాని కంటే ఎలా పోయిందన్నది ముఖ్యం. తీపిగా కరిగిందా, వగరుగా బిగిసిందా, చేదు మిగిల్చిందా?

వగరు గురించి ఒక మాట. విస్కీ గురించి రాసేవారు పీపా చెక్క నోటిని బిగబట్టడాన్ని చెప్పడానికి చాలా మాటలు ఖర్చు చేస్తారు. మనకు దాన్ని చెప్పే మాట షడ్రుచుల్లోనే ఉంది. కమ్మన, ఘాటు, కనరు, చిరుచేదు, పొగచూరిన వాసన, మాడువాసన, ముక్కవాసన: ఇవన్నీ పని చేసే మాటలు. పరాయి పండ్ల పేర్లు అరువు తెచ్చుకోకుండా, మీకు నిజంగా గుర్తొచ్చిన మాటే రాయండి. ఎప్పుడూ తినని పండును గ్లాసులో కనుక్కున్నానని రాయడం వల్ల మీకు గానీ, ఆ కాగితాన్ని తర్వాత చదివేవారికి గానీ ఉపయోగం లేదు.

నీళ్లు పోయండి, అతుకు అక్కడ బయటపడుతుంది

నీళ్లు కలపడం విస్కీని పాడుచేయడమని అనుకునేవారికి ఈ సంగతి చెప్పండి: బ్లెండర్లు వాసన చూసేటప్పుడు విస్కీని దాదాపు 20 శాతం ఆల్కహాలుకు పలచన చేసుకుంటారు. ఆ బలం దగ్గర ఘాటు అడ్డు రాదు, మంచీ చెడూ రెండూ తేటపడతాయి.

గ్లాసులో ఇంకా 15 మిల్లీలీటర్లు ఉన్నాయనుకుందాం. రెండు అంచెల్లో వెళ్లండి. మొదట 4 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి, బలం సుమారు 32 శాతానికి దిగుతుంది. ఒకసారి తిప్పి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ వాసన చూసి, ఒక గుక్క తీసుకోండి. తర్వాత మిగిలిన విస్కీలో మొత్తం నీళ్లు విస్కీకి సమానమయ్యేలా పోయండి, అది 20 శాతం. ఈ రెండో అంచెను వాసనకే ఉంచుకోండి, రుచి పలచగానే ఉంటుంది.

2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు కంప్యూటర్ లెక్కలతో, పొగ వాసనకు కారణమైన గ్వాయకాల్ అణువులు విస్కీలో ఎక్కడ చేరతాయో చూశారు. ఆల్కహాలు 45 శాతం వరకు ఉన్నప్పుడు అవి ద్రవం పైపొర దగ్గరికి చేరతాయని, బలం బాగా పెరిగితే లోపలికి వెళ్తాయని తేలింది. నీళ్లు పోస్తే పొగ లేస్తుందనడానికి దీన్ని చూపిస్తుంటారు. మీ బ్లెండ్ సీసాలో ఉన్నప్పుడే 40 శాతం కదా, ఆ మార్పు చాలావరకు బాట్లింగు దగ్గరే జరిగిపోయింది. ఇక్కడ నీళ్లు ప్రధానంగా చేసేది ఆల్కహాలు మంటను పక్కకు తప్పించడం. తెర తొలగితే వెనకున్నది కనిపిస్తుంది.

నీళ్ల తర్వాత మూడు రకాల ఫలితాలు చూశాను. కొన్ని బ్లెండ్లు విచ్చుకుంటాయి. ముందు కనబడని ఆపిల్, తేనె పైకి వస్తాయి, పొగ కాస్త ముందుకు జరుగుతుంది. కొన్ని అలాగే నిలబడతాయి, బలం తగ్గినా ఆకారం చెదరదు. దీనికి నా దగ్గర మార్కులు ఎక్కువ. కొన్ని విడిపోతాయి. తీపి ఒక పక్క, తడిసిన అట్ట వాసన ఒక పక్క, మధ్యలో నీళ్లు. మూడో రకంలో కుట్టు ఊడిందని చెప్పవచ్చు. దాన్ని పారబోయవలసిన పనిలేదు, నీళ్లు పడని బ్లెండ్ అని రాసుకోండి.

నీళ్లు పోయగానే విస్కీ మసకబారకపోతే, అది చల్లబరిచి వడకట్టినది కావచ్చు. 40 శాతం దగ్గర బాట్లింగు చేసే బ్లెండ్లలో ఇది మామూలు. చలిలో మబ్బు కట్టే కొవ్వు ఆమ్లాల ఎస్టర్లను అలా తీసేస్తారు. నోట్లో నూనెతనం కొంత తగ్గడానికి అదొక కారణం.

సోడా, ఐసుతో కూడా చూడండి, కానీ చివర్లో

చవక బ్లెండ్లు చాలావరకు సోడాతో, ఐసుతో తాగుతారని తెలిసే చేస్తారు. ఆ పరీక్ష పెట్టకపోతే వాటికి అన్యాయం. విడిగా 10 మిల్లీలీటర్లు తీసుకుని, దానికి రెండింతల చల్లని సోడా పోయండి. ఒట్టి విస్కీలో గుచ్చుకున్న పొగ, మిరియం ఇక్కడ వెన్నెముకలా పనికొస్తాయి. ఒట్టిగా మెత్తగా, ముద్దుగా ఉన్న బ్లెండు సోడాలో మాయమైపోవచ్చు. నాకు నచ్చిన కొన్ని సీసాలను నేను ఒట్టిగా తీసుకోను, వాటి చోటు సోడాలోనే ఉంది.

మూడు గ్లాసుల పరీక్ష

రెండు వేర్వేరు చవక బ్లెండ్లు ఉంటే, ఇంకొకరు తోడుంటే, ఇది తప్పక చేయండి. ఒకేలాంటి మూడు గ్లాసులు తీసుకోండి. మీరు చూడకుండా తోడున్నవారు రెండు గ్లాసుల్లో ఒక విస్కీ, మూడోదానిలో రెండో విస్కీ, ఒక్కోదానిలో 5 మిల్లీలీటర్లు మాత్రమే పోసి, వరుస మార్చి, గ్లాసుల అడుగున గుర్తు పెట్టాలి. రంగు తేడా పట్టివ్వకుండా గదిలో వెలుతురు తగ్గించండి. వేరుగా ఉన్న గ్లాసు ఏదో మీరు చెప్పాలి.

ఊహతో చెప్పినా మూడింట ఒకసారి కుదురుతుంది. కాబట్టి ఒక్కసారి సరిగ్గా చెప్పడం ఏమీ నిరూపించదు. వేర్వేరు రోజుల్లో వరుసగా మూడుసార్లు కుదిరితే, అది అదృష్టమయ్యే అవకాశం 27లో ఒకటి. అప్పుడు మీ ముక్కు నిజంగానే తేడా పడుతోందని నమ్మవచ్చు. ఈ పరీక్షలో తడబడినవారు సిగ్గుపడవలసింది లేదు. ఒకదానికొకటి దగ్గరగా ఉండే రుచులు కట్టడంలో బ్లెండర్లు నూటయాభై ఏళ్లకు పైగా సాధన చేశారు. తేడా దొరికాక మాత్రం ధరనూ పేరునూ పక్కన పెట్టి, ఏది మీకు ఇష్టమో లేబుల్ చూడకముందే రాయండి. ఆ వరుస తర్వాత మార్చవద్దు.

కాగితం మీద ఏముండాలి

తేదీ, సీసా పేరు, సీసా తెరిచి ఎన్నాళ్లైంది, ఒట్టి వాసన, ఒట్టి రుచి, నీళ్లతో వాసన, సోడాతో ఎలా ఉంది. అతుకు కనబడిందా, ఎక్కడ. చివర ఒక వాక్యం: దీన్ని మళ్లీ కొంటానా, ఎందుకు. మార్కులు వేయాలనిపిస్తే వేయండి, నేను వేయడం మానేశాను. నాలుగు నెలల తర్వాత తిరిగి చదివితే 78 అన్న అంకె ఏమీ చెప్పదు, ‘సోడాలో నిలబడింది, ఒట్టిగా నడుమ ఖాళీ’ అన్న మాట అంతా చెబుతుంది.

సీసా తెరిచి ఎన్నాళ్లైందో రాయమనడానికి కారణం ఉంది. సగం ఖాళీ అయిన సీసాలోకి చేరిన గాలి విస్కీని మెల్లగా మారుస్తుంది. మొదట్లో ఇది మేలే చేయవచ్చు, లేతదనపు పదును కొంత తగ్గుతుంది. నెలలు గడిచేకొద్దీ వాసన చప్పబడుతుంది. సీసాను నిలువుగానే, ఎండ తగలని చోట పెట్టండి. పడుకోబెడితే ఆల్కహాలు బిరడాను తినేస్తుంది. మూడోవంతే మిగిలితే చిన్న శుభ్రమైన గాజు సీసాలోకి మార్చండి. తెరిచిన రోజు ఒకసారి, మూడు వారాలకు ఒకసారి అదే పద్ధతిలో చూసి రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే, ఒకే సీసా గురించి రాసినవని నమ్మడం కష్టమయ్యే సందర్భాలుంటాయి.

ఒట్టి విస్కీ పోసిన గ్లాసును ఆ రాత్రి కడగకండి. అడుగున తడి మిగిల్చి, పైన చిన్న పళ్లెం బోర్లించి వదిలేయండి. పొద్దున్నే పళ్లెం తీసి, ఇంకా కాఫీ తాగకముందు, ఒక్కసారి పీల్చండి. ఆల్కహాలు చాలావరకు పోయి, బరువైనవి మాత్రమే మిగిలి ఉంటాయి: చెక్క, బూడిద, తేనెమైనం, పీట్ ఉంటే దాని పొగ. రాత్రి మీరు పొగ లేదని రాసి ఉంటే, ఇప్పుడు ఉంటే, దాన్ని కొట్టేయకుండా కిందనే రెండో వరుసగా రాసి, ఆ తర్వాత గ్లాసు కడగండి.